బి.ఫార్మసీ ప్రాజెక్టుకు డాకింగ్ ఎలా చేయాలి: మెథోట్రెక్సేట్‌తో సరిచూసుకుని మొదలుపెట్టే పద్ధతి

ప్రతి ఏడాది ఎనిమిదో సెమిస్టరు మొదలవగానే ఫార్మసీ విద్యార్థుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "డాకింగ్ చేశాము, మైనస్ 9.2 వచ్చింది, ఇది మంచి స్కోరేనా?" డాకింగ్ అంటే ఒక చిన్న అణువు ప్రోటీనులో ఎక్కడ, ఎలా ఇముడుతుందో కంప్యూటరుతో అంచనా వేయడం; ఎంత గట్టిగా పట్టుకుంటుందో కిలో కేలరీల్లో ఒక స్కోరు వస్తుంది, మైనస్ అంకె ఎంత పెద్దదైతే అంత బలమైన బంధమని అంచనా. ఆ ఒక్క అంకెను చూసి మంచిదో కాదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఏ ప్రోటీను తీసుకున్నారు, దాన్ని ఎలా సిద్ధం చేశారు, అణువును వెతికే హద్దుగా ఇచ్చే బాక్సు ఎక్కడ పెట్టారు, అదే పద్ధతితో తెలిసిన మందును డాక్ చేస్తే అది తన అసలు చోటికి వచ్చిందా అనే సంగతులు తెలిస్తే తప్ప ఆ అంకెకు అర్థం లేదు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్‌లో డాకింగ్ ఆరో సెమిస్టరు మెడిసినల్ కెమిస్ట్రీలో ఒక చిన్న అంశంగా వచ్చి, ఎనిమిదో సెమిస్టరులో కంప్యూటర్ ఎయిడెడ్ డ్రగ్ డిజైన్ అనే ఎలెక్టివ్‌లో మళ్లీ కనిపిస్తుంది. ఆ ఎలెక్టివ్ తీసుకోనివారు కూడా ప్రాజెక్టుకు డాకింగ్‌నే ఎంచుకోవడానికి కారణం తెలిసిందే: దానికి రసాయనాలు కొనక్కర్లేదు, జంతువులతో పని లేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం ఎదురు చూడక్కర్లేదు. బీకరులో అవక్షేపం రాకపోతే కంటికి కనబడుతుంది గానీ, కంప్యూటరు మాత్రం తప్పు ఫైలు ఇచ్చినా ఒక అంకె ఇస్తుంది. అందుకే ఇందులోని తప్పులు ఎవరి కంటా పడకుండా రిపోర్టు దాకా వెళ్లిపోతాయి.

ఈ వ్యాసంలో ఉదాహరణగా డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును, దాన్ని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌ను తీసుకుంటున్నాను. ఇ.కోలై బ్యాక్టీరియాకు చెందిన ఈ ఎంజైములో మెథోట్రెక్సేట్ ఎలా కూర్చుంటుందో 1.7 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) స్పష్టతతో 1982లోనే ప్రచురితమైంది. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరచే ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని సంకేతం 4డీఎఫ్‌ఆర్. అణువులో ఏ భాగం ఎక్కడుండాలో ముందే తెలుసు కనుక మీ పద్ధతి సరైనదో కాదో తేల్చుకోవడానికి ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచే ఈ మందు వచ్చిందన్నది రెండో కారణం. మన విద్యార్థి మొదటి డాకింగ్ దీనితో చేయడం బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

కావలసినవి

- ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు.
- ఆటోడాక్ వీనా. 2010లో స్క్రిప్స్ సంస్థ నుంచి ట్రాట్, ఓల్సన్‌లు ప్రచురించిన ఉచిత ప్రోగ్రామ్ ఇది, 1.2 వెర్షన్ 2021లో వచ్చింది.
- ప్రోటీనును, లిగాండ్‌ను (ప్రోటీనుకు అతుక్కునే చిన్న అణువును) సిద్ధం చేయడానికి ఆటోడాక్ టూల్స్. ఫైళ్ల రూపం మార్చడానికి ఓపెన్ బేబెల్. చూడటానికి పైమాల్ లేదా కైమెరా.
- ఒక నోటుపుస్తకం. ప్రతి అడుగులో ఏ ఫైలు వాడారో, ఏ అంకె ఇచ్చారో అందులో రాయాలి.

ల్యాప్‌టాప్ లేనివారు స్విస్‌డాక్, సీబీ-డాక్ 2 వంటి వెబ్ సర్వర్లను వాడుకోవచ్చు. అడుగులు తగ్గుతాయి గానీ సరిచూసుకునే బాధ్యత తగ్గదు. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో దొరికే క్రాక్ చేసిన వాణిజ్య సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం వెళ్లకండి. రేపు పేపరు ప్రచురించేటప్పుడు లైసెన్సు గురించి అడిగితే జవాబు ఉండదు.

1. ఫోల్డరు ముందుగా సిద్ధం చేసుకోండి

సి డ్రైవులో నేరుగా ఒక ఫోల్డరు పెట్టి దానికి ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, చిన్న పేరు పెట్టండి. డెస్క్‌టాప్ మీద "న్యూ ఫోల్డర్ 2" లోపల అన్నీ పడేస్తే, పేరులోని ఖాళీల వల్ల ప్రోగ్రామ్‌కు ఫైలు దొరకదు. విండోస్‌లో ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు కనబడేలా సెట్టింగు కూడా మార్చుకోండి. నోట్‌ప్యాడ్‌లో భద్రపరచిన కాన్ఫిగరేషన్ ఫైలు చివర టీఎక్స్‌టీ అన్నది రెండుసార్లు చేరి, "ఫైలు లేదు" అనే సందేశంతో రెండు రోజులు పోగొట్టుకున్నవారు చాలామందే ఉన్నారు.

2. ప్రోటీను ఫైలును చూసి, చదివి, ఆ తర్వాతే దించుకోండి

ప్రోటీన్ డేటా బ్యాంకులో సంకేతం కొట్టగానే దించుకునే తొందర వద్దు. ముందు ఆ పేజీలో నాలుగు విషయాలు చూసి రాసుకోండి: ఏ జీవికి చెందినది, స్పష్టత ఎంత, లోపల లిగాండ్ ఏదైనా ఉందా, ఎన్ని చైన్లు ఉన్నాయి. స్పష్టత 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు లేదా అంతకన్నా తక్కువ అంకె ఉంటే మొదటి ప్రాజెక్టుకు క్షేమం. లోపల లిగాండ్ లేని నిర్మాణాన్ని మొదటిసారి ఎంచుకోకండి, ఎందుకంటే సరిచూసుకోవడానికి ఆధారమే ఉండదు. జీవి పేరు చూడకుండా ఎలుక ప్రోటీనును తీసుకుని రిపోర్టులో మానవ ప్రోటీను అని రాసేయడం అరుదైన తప్పేమీ కాదు.

4డీఎఫ్‌ఆర్‌లో రెండు చైన్లు ఉంటాయి, వాటిలో ప్రతి ఒక్కదానికీ సొంత క్రియాస్థానం (ఎంజైము పని జరిగే గుంట) ఉంది. కాబట్టి ఒక చైనును ఉంచుకుని రెండోదాన్ని తీసేయవచ్చు. దీన్నే సూత్రంగా పట్టుకుని అన్నిచోట్లా ఒక చైను తీసేస్తే ప్రమాదం. హెచ్‌ఐవీ ప్రోటియేజ్‌లో రెండు చైన్లు కలిస్తేనే క్రియాస్థానం ఏర్పడుతుంది. అక్కడ ఒకటి తీసేస్తే మీరు డాక్ చేసేది సగం గదిలోకి.

3. ప్రోటీనును శుభ్రం చేయండి, ఆలోచించి

లిగాండ్‌ను వేరే ఫైలుగా భద్రపరచి, ప్రోటీను నుంచి తీసేయండి. డేటా బ్యాంకు పేజీలోనే ఆ లిగాండ్‌ను దాని అసలు నిర్దేశాంకాలతో ఎస్‌డీఎఫ్ రూపంలో దించుకునే వీలుంది. అది వాడితే బంధాల క్రమం సరిగ్గా ఉంటుంది. పీడీబీ ఫైలు నుంచి కత్తిరించి తీస్తే ఏది ఏకబంధమో ఏది ద్విబంధమో ప్రోగ్రామ్ ఊహించుకోవాలి, మెథోట్రెక్సేట్‌లోని టెరిడిన్ వలయం దగ్గర ఆ ఊహ తప్పే అవకాశం ఎక్కువ.

నీటి అణువులను తీసేయడం సాధారణ పద్ధతి. అయితే "అన్ని నీళ్లూ తీసేయాలి" అన్నది నియమం కాదు. హెచ్‌ఐవీ ప్రోటియేజ్‌లో ఇన్హిబిటరును (ఎంజైమును అడ్డుకునే అణువును) ఐసోల్యూసిన్ 50లతో, అంటే రెండు చైన్లలోనూ 50వ స్థానంలోని అమైనో ఆమ్లాలతో, కలిపి పట్టుకునే నీటి అణువు ప్రసిద్ధమైనది. దాన్ని తీసేస్తే అసలు బంధమే పోతుంది. అలాగే కోఫ్యాక్టర్ల (ఎంజైము పనిచేయడానికి తోడుగా కావాల్సిన అణువుల) విషయం. మీరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌కు చెందిన వేరే నిర్మాణం ఎంచుకుని అందులో ఎన్‌ఏడీపీహెచ్ ఉంటే దాన్ని తీసేయకండి. అది ఎంజైములో భాగంగా పక్కనే కూర్చుని ఉంటుంది. ఖాళీ చేస్తే మీ లిగాండ్ వెళ్లి ఆ చోటులో పడుతుంది, స్కోరు కూడా అందంగానే వస్తుంది.

తర్వాత హైడ్రోజన్లు చేర్చి, వీనా చదవగలిగే పీడీబీక్యూటీ రూపంలో భద్రపరచండి. ఒకే అమైనో ఆమ్లానికి రెండు స్థానాలు నమోదై ఉంటే ఒక్కదాన్నే ఉంచాలి.

4. లిగాండ్‌ను సిద్ధం చేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కనుక నెమ్మదిగా వెళ్దాం.

మొదటిది, చదునైన అణువు. పబ్‌కెమ్ అనే ఉచిత రసాయనాల డేటాబేసులో రెండు రకాల ఎస్‌డీఎఫ్‌లు ఉంటాయి: కాగితం మీద గీసినట్టున్న ద్విమితీయ రూపం, త్రిమితీయ రూపం. వీనా తిరిగే బంధాలను మాత్రమే తిప్పుతుంది. బంధాల పొడవులనూ వలయాల ఆకారాన్నీ ముట్టుకోదు. కాబట్టి చదునుగా ఇచ్చిన వలయం చదునుగానే ఉండిపోతుంది. త్రిమితీయ రూపాన్నే దించుకోండి. మీరే గీసిన అణువైతే ఓపెన్ బేబెల్‌లో త్రిమితీయ రూపానికి మార్చి ఎంఎంఎఫ్‌ఎఫ్94 అనే ఫోర్స్ ఫీల్డ్‌తో (అణువు శక్తిని లెక్కించే సూత్రాలతో) శక్తిని తగ్గించండి. పైమాల్‌లో తెరిచి పక్కకు తిప్పి చూస్తే చదునుగా ఉందో లేదో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

రెండోది, లవణాలు. హైడ్రోక్లోరైడ్ లవణంగా దొరికిన మందు ఫైలులో క్లోరైడ్ విడిగా ఉంటుంది. దాన్ని తీసేయాలి.

మూడోది, అయనీకరణం. పీహెచ్ 7.4 దగ్గర కార్బాక్సిలిక్ ఆమ్లాలు హైడ్రోజన్‌ను వదిలేసి ఉంటాయి, చాలా ఆలిఫాటిక్ అమైన్లు హైడ్రోజన్‌ను తీసుకుని ఉంటాయి. మెథోట్రెక్సేట్‌లో ఇంకో మెలిక ఉంది. దాని టెరిడిన్ వలయంలోని ఒకటో నైట్రోజన్ ద్రావణంలో ఆ పీహెచ్ వద్ద తటస్థంగానే ఉంటుంది గానీ, ఎంజైము లోపల ఆస్పార్టిక్ ఆమ్లం 27 ఎదురుగా ఉన్నప్పుడు ప్రోటాన్ తీసుకుని కూర్చుంటుంది. ఆ హైడ్రోజన్‌ను మీరు చేర్చకపోతే ప్రోగ్రామ్ ఆ నైట్రోజన్‌ను హైడ్రోజన్ బంధపు గ్రహీతగానే చూస్తుంది, ఆస్పార్టేట్‌లోని ఆక్సిజన్‌తో దానికి హైడ్రోజన్ బంధం లెక్కకే రాదు. కంప్యూటరుకు పీహెచ్ అంకె ఒకటి చెప్పేసి వదిలేయడం చాలదనడానికి ఇదే నిదర్శనం. రెండు రూపాలనూ డాక్ చేసి తేడా చూపిస్తే అదే మీ రిపోర్టులో ఒక మంచి పేజీ అవుతుంది.

నాలుగోది, టాటోమర్లు, అంటే ఒక హైడ్రోజన్ చోటు మారడంతో ఏర్పడే ఒకే అణువు రెండు రూపాలు. నిజామాబాద్, దుగ్గిరాల పసుపు పుణ్యమా అని మన ప్రాజెక్టుల్లో కుర్కుమిన్ లేని ఏడాది ఉండదు. దాన్ని డైకీటోన్‌గా గీస్తారు, కానీ అది ప్రధానంగా ఈనాల్ రూపంలో ఉంటుంది, ఆకారమే మారిపోతుంది. పైగా రకరకాల పరీక్షల్లో అబద్ధపు ఫలితాలిచ్చే అణువుల జాబితాలో కుర్కుమిన్ పేరు తరచూ వస్తుంది. ఎంచుకోవద్దని అనను, ఎంచుకుంటే ఈ మాట మీరే ముందుగా రిపోర్టులో రాయండి.

5. బాక్సు పెట్టండి

క్రిస్టల్‌లోని (డేటా బ్యాంకు నుంచి దించుకున్న నిర్మాణంలోని) లిగాండ్ మధ్యబిందువును బాక్సుకు కేంద్రంగా తీసుకుని, లిగాండ్ చుట్టూ ప్రతి వైపునా నాలుగైదు ఆంగ్‌స్ట్రామ్‌ల జాగా ఉండేలా కొలతలు ఇవ్వండి. మెథోట్రెక్సేట్ పొడవైన అణువు కనుక ఒక్కో వైపు 24 నుంచి 26 ఆంగ్‌స్ట్రామ్‌లు సరిపోతాయి.

హెచ్చరిక: ఆటోడాక్ టూల్స్‌లో గ్రిడ్ కొలత బిందువుల సంఖ్యగా కనిపిస్తుంది, ఒక్కో బిందువు మధ్య దూరం మామూలుగా 0.375 ఆంగ్‌స్ట్రామ్‌లు. అక్కడ 60 అని ఉంటే అసలు పొడవు 22.5 ఆంగ్‌స్ట్రామ్‌లే. వీనాకు మాత్రం ఆంగ్‌స్ట్రామ్‌లలోనే చెప్పాలి. 60ని అలాగే ఎత్తి రాస్తే బాక్సు ఘనపరిమాణం దాదాపు పంతొమ్మిది రెట్లు పెరిగి, ప్రోటీను మొత్తాన్నీ మింగేస్తుంది. ఘనపరిమాణం 27,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వీనా తెర మీద హెచ్చరిక ఇస్తుంది; ఆ వాక్యాన్ని చదవకుండా దాటేయకండి. టూల్స్‌లో దూరాన్ని 1 ఆంగ్‌స్ట్రామ్‌గా మార్చుకుంటే ఈ గందరగోళమే ఉండదు.

6. వీనాను నడపండి

కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రోటీను పేరు, లిగాండ్ పేరు, కేంద్రం మూడు అంకెలు, కొలతలు మూడు అంకెలు రాయాలి. ఎంత లోతుగా వెతకాలో చెప్పే ఎగ్జాస్టివ్‌నెస్ మామూలుగా 8 ఉంటుంది. మెథోట్రెక్సేట్‌లా తిరిగే బంధాలు ఎక్కువున్న అణువుకు 32 ఇవ్వండి. సమయం నాలుగింతలు పట్టినా మామూలు ల్యాప్‌టాప్‌లో భరించగలిగేదే. పాత వీడియోల్లో చూపే లాగ్ ఆదేశం 1.2 వెర్షన్‌లో లేదు, అందుకే అది రాస్తే తప్పు చూపుతుంది. తెర మీది పట్టికను మీరే ఫైలులోకి ఎక్కించుకోవాలి.

ఒకే లిగాండ్‌ను వేర్వేరు సీడ్ అంకెలతో (యాదృచ్ఛిక వెతుకులాట ఎక్కడ మొదలవాలో నిర్ణయించే అంకెలతో) కనీసం మూడుసార్లు నడపండి. మూడుసార్లూ మొదటి పోజు (అణువు కూర్చున్న తీరు) ఒకేలా వస్తే వెతుకులాట సరిపోయిందని అర్థం. వేర్వేరుగా వస్తే ఎగ్జాస్టివ్‌నెస్ పెంచండి, లేదా బాక్సు తగ్గించండి.

7. సరిచూసుకోండి

ఈ అడుగు వదిలేసిన ప్రాజెక్టుకు నేనైతే మార్కులు వేయడానికి వెనకాడతాను.

డాక్ చేసిన మెథోట్రెక్సేట్‌కూ క్రిస్టల్‌లోని మెథోట్రెక్సేట్‌కూ మధ్య ఆర్‌ఎంఎస్‌డీ (పరమాణువులు సగటున ఎంత దూరం జరిగాయో చెప్పే కొలత) లెక్కించండి. తెలిసిన లిగాండ్‌ను ఇలా తిరిగి డాక్ చేసి చూడటాన్నే రీడాకింగ్ అంటారు. 2 ఆంగ్‌స్ట్రామ్‌లు లేదా అంతకన్నా తక్కువ వస్తే పద్ధతి పనిచేసిందని సాధారణంగా ఒప్పుకుంటారు. ఈ లెక్కలో మూడు చోట్ల కాలు జారుతుంది.

వీనా పట్టికలో కనబడే ఆర్‌ఎంఎస్‌డీ అంకెలు క్రిస్టల్‌తో పోల్చినవి కావు. వీనా తన మొదటి పోజుతో మిగతా పోజులను పోల్చి ఇచ్చినవి. మొదటి వరుసలో ఎప్పుడూ 0.000 ఉంటుంది, ఎందుకంటే అది తనతో తానే పోల్చుకుంటోంది. "మా ఆర్‌ఎంఎస్‌డీ 0.000, పద్ధతి నిర్ధారణ అయింది" అని రాసిన రిపోర్టులు నేను ఒకటికి మించి చూశాను.

పైమాల్‌లోని అలైన్ ఆదేశం వాడితే అది లిగాండ్‌ను కదిలించి ఒకదాని మీద ఒకటి పేర్చాక లెక్క కడుతుంది. తప్పు చోట పడిన అణువుకు కూడా మంచి అంకె వచ్చేస్తుంది. కదిలించకుండా ఉన్నచోటనే కొలవాలి. ఓపెన్ బేబెల్‌తో వచ్చే ఓబీఆర్‌ఎంఎస్ అలాగే కొలుస్తుంది.

కార్బాక్సిలేట్‌లోని రెండు ఆక్సిజన్లు, బెంజీన్ వలయపు రెండు పక్కలు ఒకదానికొకటి సమానం. పరమాణువుల వరుస సంఖ్యను మాత్రమే చూసే పనిముట్టు వాటిని వేరుగా లెక్కించి ఆర్‌ఎంఎస్‌డీని అనవసరంగా పెంచుతుంది. సమరూపతను పట్టించుకునే పనిముట్టునే వాడండి.

అంకె బాగా వచ్చాక కూడా కళ్లతో చూడండి. మెథోట్రెక్సేట్ సరిగ్గా కూర్చుంటే దాని టెరిడిన్ వలయం ఆస్పార్టిక్ ఆమ్లం 27 ఎదురుగా ఉండాలి, నాలుగో స్థానంలోని అమైనో సమూహం ఐసోల్యూసిన్ 5, ఐసోల్యూసిన్ 94ల కార్బోనైల్ ఆక్సిజన్ల వైపు ఉండాలి, గ్లుటమేట్ తోకలోని ఆల్ఫా కార్బాక్సిలేట్ ఆర్జినిన్ 57ను పట్టుకోవాలి. ఎంజైము సహజ సబ్‌స్ట్రేట్‌తో పోలిస్తే మెథోట్రెక్సేట్ టెరిడిన్ వలయం 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది. ఈ రెండు అణువులూ కాగితం మీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి కనుక, మీ డాకింగ్ ఆ తిరగబాటును పట్టుకుందో లేదో చూడటం మంచి పరీక్ష.

2 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే ఏం చేయాలి? స్కోరింగ్‌ను తిట్టుకునే ముందు నాలుగో అడుగుకు వెళ్లి హైడ్రోజన్లు చూడండి, ఐదో అడుగుకు వెళ్లి బాక్సు కేంద్రం చూడండి. మొదటి పోజు తప్పి మూడో పోజు సరిగ్గా వచ్చిందనుకోండి: వెతుకులాట బాగానే జరిగింది, వరుస పెట్టడంలో పొరపాటు జరిగింది. అది దాచకుండా రాయండి.

8. ఇప్పుడు మీ అణువులు డాక్ చేయండి, పోలికతో

మీ కొత్త అణువులను ఒక్క అక్షరం మారని అదే ప్రోటీను ఫైలుతో, అదే బాక్సుతో నడపండి. వాటితోపాటు తెలిసిన మందులు ఒకటి రెండు పెట్టండి. ఇక్కడైతే ట్రైమెథోప్రిమ్ సరిపోతుంది. అది మానవ ఎంజైముకన్నా బ్యాక్టీరియా ఎంజైమును వేల రెట్లు బలంగా పట్టుకుంటుంది. ఈ ఎంజైముతో సంబంధం లేని మందులు కూడా కొన్ని చేర్చండి. సంబంధం లేనివీ మీ అణువులూ ఒకే స్కోరు తెచ్చుకుంటే మీ స్కోరు ఏమీ చెప్పడం లేదన్నమాట.

స్కోర్లను చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. గది ఉష్ణోగ్రత వద్ద 1.36 కిలో కేలరీల తేడా అంటే బంధన బలంలో పది రెట్ల తేడా. 0.3 తేడా అంటే రెండు రెట్లు కూడా కాదు. వీనా తయారైనప్పుడు దాని ప్రామాణిక దోషం సుమారు 2.85 కిలో కేలరీలు. కనుక మైనస్ 9.2 వచ్చిన అణువు మైనస్ 8.9 వచ్చిన దానికన్నా మెరుగని రాయడానికి ఆధారం లేదు.

పెద్ద అణువులకు పెద్ద స్కోర్లు రావడం మరో వల. మెథోట్రెక్సేట్‌లో హైడ్రోజన్లు కాక 33 పరమాణువులు, ట్రైమెథోప్రిమ్‌లో 21. స్కోరును ఈ సంఖ్యతో భాగించి లిగాండ్ ఎఫిషియెన్సీ కూడా పట్టికలో పెడితే పోలిక న్యాయంగా ఉంటుంది. మొక్కల నుంచి తీసిన పెద్ద గ్లైకోసైడ్లు పట్టికలో ఎప్పుడూ పైనే ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది.

స్విస్‌ఏడీఎంఈ అనే వెబ్‌సైటులో లిపిన్స్కీ నియమాలు (నోటి ద్వారా తీసుకునే మందుకు అణువు అనువుగా ఉందో చూసేవి) సరిచూసి ఒక పట్టిక చాలు. దానికి పది పేజీలు అక్కర్లేదు.

9. రిపోర్టులో రాయాల్సినవి

ప్రోటీను సంకేతం, చైను, ఉంచిన లేదా తీసేసిన నీళ్లు, లిగాండ్ అయనీకరణ రూపం, బాక్సు కేంద్రం, కొలతలు, వీనా వెర్షన్, ఎగ్జాస్టివ్‌నెస్, సీడ్ అంకెలు, రీడాకింగ్ ఆర్‌ఎంఎస్‌డీ. ఇవన్నీ ఉంటే వేరే విద్యార్థి మీ పనిని తిరిగి చేయగలడు. అమైనో ఆమ్లాల సంఖ్యలు రాసేటప్పుడు జాగ్రత్త: ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందు ఉన్న ఈజీఎఫ్‌ఆర్ ప్రోటీను 1ఎం17 నిర్మాణంలో మెథియోనిన్ 769 అని ఉన్నదే ఇతర పేపర్లలో 793గా కనిపిస్తుంది, ఎందుకంటే ఒకచోట మొదటి 24 అమైనో ఆమ్లాల సిగ్నల్ భాగాన్ని లెక్కించరు.

"ఈ సమ్మేళనం శక్తిమంతమైన ఇన్హిబిటర్" అని రాయకండి. "ఈ పద్ధతిలో క్రియాస్థానంలో ఇమిడే అవకాశం కనబడింది, ఎంజైము పరీక్ష చేయాలి" అని రాయండి. వైవాలో ఎగ్జామినర్ ముందుగా అడిగేది రీడాకింగ్ చిత్రమే కాబట్టి, క్రిస్టల్ లిగాండ్ ఒక రంగులో, మీరు డాక్ చేసినది మరో రంగులో ఉన్న ఆ చిత్రాన్ని స్కోర్ల పట్టికకన్నా ముందు పేజీలో పెట్టండి. ఇన్‌పుట్ ఫైళ్లన్నీ, కాన్ఫిగరేషన్ ఫైలుతో సహా, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో జత చేయండి.